ఎక్స్‌పోర్ట్ ఎందుకు సాగుతోంది? ఒక ఎడిటింగ్ మెషీన్‌లో మూడు చోట్ల దొరికిన వేడి

ఫిర్యాదు మామూలుదే, ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తీయడం) సాగుతోందని. వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడు తన డెస్క్‌టాప్ తెచ్చి, "అన్నా, ఒకప్పుడు అరగంటలో అయిపోయే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు ముప్పావుగంట పడుతోంది, మధ్యాహ్నం పూట ఇంకా ఘోరం, క్లయింట్ ఫోన్ చేస్తే చాలు టెన్షన్" అన్నాడు. నా దగ్గరికి రాకముందే దీనికి చాలా వైద్యాలు జరిగిపోయాయి. విండోస్ ఫార్మాట్ కొట్టి మళ్లీ వేశారు, ర్యామ్ 16 జీబీ నుంచి 32 చేశారు, పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టారు. ఎస్‌ఎస్‌డీ వేశాక మెషీన్ త్వరగా ఆన్ అవుతోంది, ప్రాజెక్టులు త్వరగా తెరుచుకుంటున్నాయి, కానీ ఎక్స్‌పోర్ట్ టైములో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

మధ్యాహ్నం పూట ఇంకా నెమ్మది అన్న ఆ ఒక్క మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ర్యామ్‌కి గానీ విండోస్‌కి గానీ పొద్దున్న, మధ్యాహ్నం అనే తేడా ఉండదు. గది వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలే వేడెక్కుతుంది, ఎందుకంటే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ) ఎంత గొప్పదైనా చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు, ఆ గాలికి పైన ఎన్ని డిగ్రీలు అన్నదే దాని చేతిలో ఉంటుంది.

వేడి సమస్యని ఇంతమంది ఎందుకు పట్టుకోలేకపోతారంటే, ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ఎర్రర్ ఇవ్వవు, ఆగిపోవు, నిశ్శబ్దంగా క్లాక్ స్పీడ్ తగ్గించుకుని పని కొనసాగిస్తాయి. మొదటి నుంచీ ఇలా లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న మెషీన్ల మీద నుంచి హీట్‌సింక్ పీకి చూపించారు. పెంటియం 4 నెమ్మదించి బతికిపోయింది, ఏఎండీ అథ్లాన్ పొగ వచ్చి కాలిపోయింది. ఆ తర్వాత చాలా మారింది, ఇప్పుడు ఏ కంపెనీ ప్రాసెసర్ అయినా తనను తాను కాపాడుకుంటుంది. దాని వల్ల వచ్చిన ఇబ్బంది ఏమిటంటే రోగం కనపడదు, మెషీన్ పాతబడిపోయింది అనుకుంటారు.

ఇక మెషీన్ సంగతి. ఇంటెల్ కోర్ ఐ7-8700, 2017లో వచ్చిన 6 కోర్ల ప్రాసెసర్. డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది, కానీ అది బేస్ క్లాక్ అయిన 3.2 గిగాహెర్ట్జ్ దగ్గరి లెక్క. అన్ని కోర్లూ పనిచేస్తూ 4.3కి వెళ్లినప్పుడు అది 65లో ఆగదు, చాలా మదర్‌బోర్డులు ఆ పరిమితిని బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎత్తేసి వదిలేస్తాయి కూడా. దాని మీద నాలుగు హీట్‌పైపులున్న (వేడిని పైకి మోసే గొట్టాలు) టవర్ కూలర్, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. కాగితం మీద చూస్తే ఆ ప్రాసెసర్‌కి ఈ కూలర్ సరిపోవాలి, మిగలాలి కూడా.

ముందు ఏమీ విప్పలేదు. చాలామంది క్యాబినెట్ తెరవగానే పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే ముద్ద) మార్చేస్తారు, అప్పుడు ఏది బాగుచేసిందో తెలియదు, ఏది చెడిందో అసలే తెలియదు. వేడి, వేగం కొలిచి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసి ఊరికే ఉన్నప్పుడు చూస్తే 48 డిగ్రీలు, గది 31. కొంచెం ఎక్కువే గానీ దాని మీద ఏ తీర్పూ ఇవ్వలేం. తర్వాత ప్రైమ్ 95 అనే స్ట్రెస్ టెస్ట్, అంటే ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ పెట్టే ప్రోగ్రాం, మొదలుపెట్టాను. రెండు సెకన్లు కాకముందే 100. ఈ ప్రాసెసర్‌కి గరిష్ఠ హద్దు కూడా సరిగ్గా 100 డిగ్రీలే, అక్కడి నుంచి క్లాక్ జారుకుంటూ వచ్చి 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరపడింది, ప్యాకేజ్ పవర్ 46 వాట్లు చూపిస్తోంది. ఆపేయగానే అంతే వేగంగా 60ల్లోకి పడిపోయింది.

నేను ఈ కేసు రాయడానికి కారణం ఈ రెండు సెకన్లే. అందరూ గరిష్ఠంగా ఎంత వచ్చింది అని అడుగుతారు, 100 అంటే గుండె జారిపోతుంది, కానీ 100 అన్న అంకె ఒక్కటే చూస్తే ఎక్కడ తప్పుందో ఏమీ తెలియదు. ఎంతసేపట్లో 100కి వెళ్లింది అన్నది చూడాలి. సిలికాన్ ముక్క చాలా చిన్నది, అందులో వేడి నిలవడానికి చోటు లేదు, కాబట్టి అది క్షణాల్లో వేడెక్కుతుంది. హీట్‌సింక్ అరకిలో, అంతకన్నా ఎక్కువ లోహం, అది వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. క్యాబినెట్ లోపలి గాలి, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ కలిసి వేడెక్కి ఒక చోట నిలబడటానికి అరగంట కూడా పట్టొచ్చు. అందుకని గ్రాఫ్ నిట్టనిలువుగా లేచిందంటే వేడి హీట్‌సింక్ దాకా చేరడం లేదు, తప్పు ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్యన ఉంది. కొన్ని నిమిషాల్లో ఎక్కితే కూలర్ ఫిన్ల (పల్చటి రేకుల) మధ్య దుమ్మో, తిరగని ఫ్యానో. నింపాదిగా అరగంట ఎక్కితే క్యాబినెట్ గాలి.

దీన్ని చేత్తోనే నిర్ధారించుకోవచ్చు. ప్రాసెసర్ 100లో ఉండగా హీట్‌సింక్ కింది భాగం, హీట్‌పైపులు జాగ్రత్తగా తాకి చూస్తే కాస్త గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. పైపు మధ్యలో మూసుకుపోతే ఎగువన నీళ్లు నిలబడి దిగువన ధార సన్నబడినట్టే ఇది కూడా. లెక్కలో చెప్పాలంటే గది కంటే 69 డిగ్రీలు ఎక్కువ, 46 వాట్లకి, అంటే వాటుకి 1.5 డిగ్రీలు. ఇలాంటి టవర్ కూలర్ బాగా కూర్చుంటే వాటుకి 0.4, 0.45 దగ్గర ఉండాలి. నేను ఏ మెషీన్‌కైనా ఈ భాగహారం చేస్తాను, ఎందుకంటే ఉత్త ఉష్ణోగ్రత గదిని బట్టీ లోడ్‌ని బట్టీ మారిపోతుంది, ఈ నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు, ఏడాది తర్వాత చూసినా పోల్చుకోవచ్చు.

విండోస్ తన హెచ్చరికలు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో కూడా సాక్ష్యం ఉంది. కెర్నల్-ప్రాసెసర్-పవర్ పేరుతో 37 నంబర్ హెచ్చరికలు, ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ తగ్గిస్తోంది అని చెప్పేవి. ఫార్మాట్ కొట్టిన వాళ్లు ఒక్కసారి అక్కడ చూసి ఉంటే సరిపోయేది.

విప్పితే కారణం కంటికే కనపడింది. కూలర్ నాలుగు మూలలా ప్లాస్టిక్ పుష్ పిన్నులతో బోర్డుకి బిగించి ఉంది, పై మూల పిన్ను ఒకటి రంధ్రంలోంచి జారి బయటికి వచ్చేసింది. ఆరా తీస్తే ఆఫీసు మారినప్పుడు మెషీన్ని నిలువుగానే పెట్టి బండిలో తీసుకెళ్లారట. బోర్డు నిలువుగా ఉన్నప్పుడు టవర్ బరువంతా ఆ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద వేలాడుతుంది, దారిలో కుదుపులకి ఒకటి లేచింది. కూలర్ వంగింది, ఒక అంచు ప్రాసెసర్‌ని నొక్కుతోంది, అవతలి అంచు గాల్లో ఉంది. పేస్ట్ కూడా అదే చెప్పింది: ఒక పక్క పల్చటి పొర, ఇంకో పక్క ఎండి పగుళ్లిచ్చిన దళసరి ముద్ద.

వెంట్రుకంత సందుకే ఇంత గొడవా అంటే, అవును. రాగి ఉష్ణవాహకత మీటరుకి, డిగ్రీకి సుమారు 400 వాట్లు, గాలిది 0.026. అంటే వేల రెట్ల తేడా. థర్మల్ పేస్ట్ ఈ రెండిటి మధ్యలో, గాలి వైపుకే దగ్గరగా ఉంటుంది, మామూలు పేస్టులకి కొద్దిపాటి వాట్లే. కాబట్టి పేస్ట్ చేసే పని వేడిని గొప్పగా మోయడం ఏమీ కాదు, లోహాల మధ్య గరుకుల్లో గాలి లేకుండా చూడటం. ఏ కంపెనీ పేస్ట్ మంచిది అని గంటలు గంటలు వాదించుకునే వాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. మంచి పేస్టుకీ మామూలు పేస్టుకీ తేడా కొన్ని డిగ్రీలు, కూలర్ సరిగ్గా కూర్చోవడానికీ కూర్చోకపోవడానికీ తేడా ఈ మెషీన్‌లో చూశారు కదా.

పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేసి, మధ్యలో చిన్న బొట్టు పెట్టి, కూలర్ నిటారుగా దించి ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి బిగించాను. పుష్ పిన్నులు మాత్రం తిరిగి వాడలేదు. బోర్డు వెనక బ్యాక్‌ప్లేట్ పెట్టి స్క్రూలతో బిగించే కిట్ వేశాను, అంత బరువున్న టవర్‌కి ప్లాస్టిక్ పిన్నులు ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ (అందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి) మెషీన్లు విప్పే వాళ్లకి ఒక మాట: కూలర్ తీసే ముందు కాసేపు లోడ్ పెట్టి పేస్ట్ వెచ్చబడనిచ్చి, మెషీన్ ఆఫ్ చేశాక అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి, నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది, కాళ్లు వంగిపోతాయి.

ఈ తరం ఇంటెల్ చిప్పుల్లో సిలికాన్‌కీ పై లోహపు మూతకీ మధ్య కూడా పేస్టే ఉంటుంది, టంకం ఉండదు. మూత పీకి అది మార్చే వాళ్లున్నారు. రోజూ అన్నం పెట్టే మెషీన్ మీద నేను ఆ ప్రయోగం చేయను.

సైడ్ ప్యానెల్ తీసి ఉంచే మళ్లీ ప్రైమ్ 95 పెట్టాను. 4.3 గిగాహెర్ట్జ్, 118 వాట్లు, 81 డిగ్రీల దగ్గర నిలబడింది. వాటుకి 0.42. కుర్రాడు అయిపోయింది కదా అని కేబుళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ప్యానెల్ మూసి అరగంట చూద్దాం ఆగు అన్నాను.

మూశాక మొదటి కొన్ని నిమిషాలు 82, 83. తర్వాత మెల్లగా, గ్రాఫ్‌లో వాలు కూడా సరిగ్గా కనపడనంత నింపాదిగా పెరుగుతూ 93కి వచ్చింది. ఇది మొదటి రోగం కాదు, దాని వెనక దాక్కున్న రెండోది. ప్రాసెసర్ 46 వాట్లే తాగుతున్నన్నాళ్లూ క్యాబినెట్ గాలి ఎలా ఉన్నా తెలియలేదు, 118 తాగడం మొదలుపెట్టగానే లోపలి గాలి చాల్లేదు. ముందు ప్యానెల్ విప్పితే మెష్ (గాలి వచ్చే జాలీ) మీద దుమ్ము బట్టలా పేరుకుని ఉంది. అది ఊహించిందే. ఊహించనిది ముందు ఫ్యాన్. అది తిరగేసి ఉంది, గాలి లోపలికి తీసుకోవాల్సింది పోయి బయటికి తోస్తోంది, వెనక ఫ్యానూ బయటికే తోస్తోంది. రెండూ బయటికి తోస్తుంటే లోపలికి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి వస్తుంది, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి మాత్రం మధ్యలో తిరుగుతూ ఉంటుంది. ఫ్యాన్ ఎటు వీస్తుందో తెలుసుకోవడం తేలిక: మోటారుని పట్టుకున్న కమ్మీలు ఉన్న వైపుకి గాలి పోతుంది. అనుమానం ఉంటే పల్చటి కాగితం ముక్క దగ్గర పెట్టి చూడండి.

ఫ్యాన్ తిప్పి పెట్టాను, మెష్ కడిగాను, ఫిన్లలో దుమ్ము బ్లోయర్‌తో కొట్టాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే అది తన హద్దు దాటి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఇంకో సంగతి, ఈ మెషీన్ని వాళ్ల ఆఫీసులో టేబుల్ కింద చెక్క పెట్టెలో, వెనక గోడకి ఆనించి పెట్టారు. బయటికి వచ్చిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటోంది. అందులోంచి తీసి పక్కన పెట్టమన్నాను, లోపల ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆ పెట్టెలో ఉన్నంతసేపూ దండగే.

ఇప్పుడు ప్యానెల్ మూసి కూడా 84 దాటలేదు. అయినా ఎక్స్‌పోర్ట్ టైము అనుకున్నంత తగ్గలేదు. మొదట్లో 44 నిమిషాలు పట్టిన అదే ప్రాజెక్టు 36కి వచ్చింది, అంతే. 2.6 నుంచి 4.3 గిగాహెర్ట్జ్‌కి వెళ్లిన మెషీన్‌కి ఇది చాలా తక్కువ. గ్రాఫ్ తీసి చూస్తే క్లాక్ గీత రంపం పళ్లలా ఉంది: కాసేపు 4.3, ఉన్నట్టుండి 0.8, కాసేపు అక్కడే, మళ్లీ 4.3. ప్రాసెసర్ మాత్రం ఆ పడిపోయిన క్షణంలో కూడా 84కి లోపే ఉంది.

ప్రాసెసర్ చల్లగా ఉండి క్లాక్ పడిపోతే చాలామంది ప్రాసెసర్ పాడైంది అంటారు, లేదా ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) మార్చేస్తారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ అని ఒక భాగం ఉంటుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడరు. అక్కడ ప్రోక్‌హాట్ అని, వీఆర్ థర్మల్ అలర్ట్ అని రెండూ వెలుగుతున్నాయి. ప్రోక్‌హాట్ అనేది ప్రాసెసర్ తనంతట తాను ఇచ్చుకునే సంకేతమే కాదు, బయటి నుంచి మదర్‌బోర్డు కూడా ఆ తీగని లాగి ప్రాసెసర్‌ని నెమ్మదించమని చెప్పగలదు. ఇక్కడ లాగుతున్నది బోర్డే. వేడెక్కింది ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్ఎం.

వీఆర్ఎం పని 12 వోల్టులని సుమారు 1.2 వోల్టులకి దించడం. 1.2 వోల్టుల దగ్గర 120 వాట్లు అంటే 100 ఆంపియర్లు, సాకెట్ పక్కన వరసగా ఉండే ఆ చిన్న మోస్ఫెట్లే (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ చిప్పులు) ఇదంతా మోస్తాయి. వాటి సామర్థ్యం 85 శాతం అనుకున్నా 20 వాట్లు పైగా అక్కడే వేడిగా పోతుంది. ఈ బోర్డులో వాటి మీద హీట్‌సింక్ లేదు, బోసిగా ఉన్నాయి. బోర్డు సెన్సార్ 112 చూపిస్తోంది. పైగా టవర్ కూలర్. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే గుండ్రటి కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది, ఆ గాలే చుట్టూ పాకి వీఆర్ఎంని కూడా కాస్త చల్లబరుస్తుంది. టవర్ కూలర్ గాలిని బోర్డుకి సమాంతరంగా వెనక్కి తోస్తుంది, ప్రాసెసర్‌కి మేలు, వీఆర్ఎంకి దక్కేది ఏమీ లేదు.

కుర్రాడు మొదటి రోజు నుంచీ లిక్విడ్ కూలర్ వేద్దాం అంటున్నాడు. వేసి ఉంటే ప్రాసెసర్ ఇంకో పది డిగ్రీలు తగ్గేదేమో, ఈ సమస్య ఉన్నచోటే ఉండేది, బహుశా పెరిగేది, ఎందుకంటే చాలా లిక్విడ్ కూలర్లలో సాకెట్ దగ్గర ఫ్యానే ఉండదు, రేడియేటర్ ఎక్కడో పైన ఉంటుంది. లిక్విడ్ కూలర్ మీద నాకు కోపమేమీ లేదు, 200 వాట్లు దాటే చిప్పులకి అది కావాలి. ఇక్కడ మాత్రం అవసరం లేని చోట ఒక పంపు, అది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందన్న బెంగ అదనంగా తెచ్చుకోవడమే.

నేను చేసింది రెండు పనులు. మోస్ఫెట్ల మీద థర్మల్ టేపుతో చిన్న అల్యూమినియం హీట్‌సింకులు అంటించాను, పక్కనున్న కెపాసిటర్లకి తగలకుండా. బయాస్‌లోకి వెళ్లి దీర్ఘకాల పవర్ పరిమితిని, అంటే పీఎల్1ని, 90 వాట్లకి కట్టేశాను.

"అన్నా, స్పీడ్ పెంచమని తెస్తే పవర్ తగ్గిస్తున్నావేంటి?"

నిజానికి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. ప్రాసెసర్ తాగే పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. పై క్లాకులకి వెళ్లే కొద్దీ వోల్టేజీ ఎక్కువ కావాలి, కాబట్టి చివరి కొంచెం వేగానికి కట్టే ఖరీదు చాలా ఎక్కువ. దీన్నే వెనక్కి తిప్పి చూస్తే, పవర్ నాలుగో వంతు తగ్గించినా వేగం అంత తగ్గదు. ఈ మెషీన్‌లో 90 వాట్ల దగ్గర క్లాక్ 3.9, 4.0 మధ్య ఆడుతోంది. మోస్ఫెట్లలో పోయే వేడిలో పెద్ద భాగం కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అక్కడ లాభం ఇంకా ఎక్కువ, సెన్సార్ 112 నుంచి 88కి వచ్చింది. రంపం పళ్లు మాయమయ్యాయి. కాసేపు 4.3, ఆపైన 0.8కి పడటం కంటే మొదటి నుంచి చివరి దాకా 3.95 మీద నడవడం మేలు కదా. అదే ప్రాజెక్టు 29 నిమిషాల్లో అయిపోయింది, ప్రాసెసర్ 70, ఫ్యాన్ శబ్దం కూడా బాగా తగ్గింది. చల్లగా ఉన్న సిలికాన్‌లో లీకేజీ కరెంటు (పని చేయకుండా కారిపోయేది) తక్కువ, కాబట్టి అదే 90 వాట్లలో ఇంకాస్త ఎక్కువ పని జరుగుతుంది, అది ఉచితంగా వచ్చిన లాభం.

పవర్ పరిమితి కట్టే బదులు వోల్టేజీ తగ్గించవచ్చు కదా, అండర్‌వోల్ట్ చేయవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. చేయవచ్చు, అది ఇంకా మంచి దారి కూడా. కానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం (వోల్టేజీ మార్చే దారినే దాడికి వాడుకోవడం) బయటపడ్డాక వచ్చిన బయాస్ అప్‌డేట్లలో చాలా బోర్డులు ఆ తలుపు మూసేశాయి, ఈ బోర్డూ అందులో ఒకటి. పాత బయాస్‌కి వెనక్కి వెళ్లి ఆ లోపాన్ని మళ్లీ తెరవడం నాకు నచ్చలేదు.

కొన్ని నెలల తర్వాత అదే మెషీన్ మళ్లీ చూశాను, ఏదో సాఫ్ట్‌వేర్ పని మీద తెచ్చాడు. అదే స్ట్రెస్ టెస్ట్ పెట్టి అదే భాగహారం చేస్తే వాటుకి 0.45. మెష్ మీద కొత్త దుమ్ము తుడవగానే 0.43కి వచ్చింది, అంటే పేస్ట్, బిగింపు రెండూ చెక్కుచెదరలేదు, విప్పాల్సిన పని లేదు. 37 నంబర్ హెచ్చరికలు ఆ తర్వాత ఒక్కటీ లేవు. ఎస్‌ఎస్‌డీ మాత్రం గ్రాఫిక్స్ కార్డు కిందున్న స్లాటులో ఇరుక్కుని పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు 66 దాకా వెళ్తోంది, దాని వేగం ఎక్కడా పడిపోవడం లేదు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని ముట్టుకోలేదు, లాగ్‌లో మాత్రం పెట్టుకున్నాను.